సెషన్ నిలబడితే సరిపోదు: చిన్న పట్నాల నెట్‌వర్కుల్లో బీజీపీ చిక్కులు

నిడదవోలు, కొవ్వూరు, తణుకు లాంటి పట్నాల్లో ఇంటింటికీ ఇంటర్నెట్ ఇచ్చే ఆపరేటర్లను "నెట్ పూర్తిగా పోయింది" అన్న ఫిర్యాదు పెద్దగా ఇబ్బంది పెట్టదు. ఫైబర్ తెగితే ఎంత దూరంలో తెగిందో ఓటీడీఆర్ అనే పరికరం చెబుతుంది. మనిషి వెళ్ళి అతుకు వేసి వస్తాడు. తల పట్టుకునేలా చేసే ఫిర్యాదులు వేరే ఉన్నాయి. "అన్నీ వస్తున్నాయి, బ్యాంకు సైటు ఒక్కటే రావట్లేదు." "పగలంతా బాగుంటుంది, రాత్రి ఎనిమిది దాటితే వీడియో తిరుగుతూనే ఉంటుంది." "మా వీధిలో సగం మందికి వస్తోంది, మిగతా సగానికి రావట్లేదు." లింకు లైటు వెలుగుతూనే ఉంటుంది, పింగ్‌కు జవాబు వస్తూనే ఉంటుంది. ఇలాంటి ఫిర్యాదుల్లో చాలావాటి మూలం వెతుక్కుంటూ వెళితే చివరికి బీజీపీ దగ్గర తేలుతుంది.

బీజీపీ అంటే బోర్డర్ గేట్‌వే ప్రోటోకాల్. ఒక్కో సంస్థ నెట్‌వర్కుకు ఒక్కో ఏఎస్ (అటానమస్ సిస్టమ్) నెంబరు ఉంటుంది. ఏ ఐపీ అడ్రసులు ఎవరి దగ్గర ఉన్నాయో, అక్కడికి ఎవరెవరి మీదుగా వెళ్ళాలో ఆ నెట్‌వర్కులు ఒకదానికొకటి చెప్పుకొనే పద్ధతి ఇది. 1989 జనవరిలో అమెరికాలోని ఆస్టిన్‌లో జరిగిన ఒక సమావేశంలో సిస్కోకు చెందిన కర్క్ లాహీడ్, ఐబీఎంకు చెందిన యాకవ్ రెక్టర్ భోజనాల బల్ల దగ్గర నేప్‌కిన్ల మీద దీని తొలి రూపం గీశారు. అదే ఏడాది జూన్‌లో అది ప్రమాణ పత్రంగా వెలువడింది. ఇప్పుడు నడుస్తున్న నాలుగో వెర్షన్‌కు ఆధారమైన పత్రం ఆర్‌ఎఫ్‌సీ 4271, 2006 నాటిది. పొరుగువాడు చెప్పింది నమ్మడం ఈ ప్రోటోకాల్ పుట్టుకలోనే ఉంది. దాని బలం, బలహీనత రెండూ అక్కడే ఉన్నాయి.

ఈ సమీక్ష చెప్పదలచుకున్నది ఒక్కటే. బీజీపీ చిక్కు వచ్చినప్పుడు మన ఇంజనీర్లు మొదట చూసేది, తరచుగా చివర కూడా చూసేది, సెషన్ నిలబడి ఉందా లేదా అన్నదే. కానీ సెషన్ నిలబడడం అంటే రెండు రూటర్ల మధ్య మాటలు మొదలయ్యాయని మాత్రమే. ఏం చెప్పుకుంటున్నారు, ఏం ఒప్పుకుంటున్నారు, ఏం వదిలేస్తున్నారు అన్నది అప్పటికి తేలదు. రూట్లను రెండు వైపుల నుంచీ చూసినప్పుడే అసలు లోపం బయటపడుతుంది.

మన దగ్గరి అమరిక

విదేశ్ సంచార్ నిగమ్ 1995 ఆగస్టు 15న దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టింది. 1998లో ప్రైవేటు సంస్థలకు తలుపులు తెరుచుకున్నాయి. దేశంలోని నెట్‌వర్కులు దేశంలోనే ట్రాఫిక్ మార్చుకోవడానికి 2003లో నిక్సీ ఏర్పడింది. లైసెన్సుల్లో ఏ కేటగిరీ దేశమంతటికీ, బీ రాష్ట్రం అంత సర్కిల్‌కూ, సీ ఒక సెకండరీ స్విచింగ్ ఏరియాకూ వర్తిస్తాయి. ఈ చివరి కేటగిరీతోనే కేబుల్ టీవీ నడిపిన వాళ్ళు ఎందరో ఇంటర్నెట్ ఆపరేటర్లయ్యారు. 2015లో ఏర్పడిన ఏపీ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగా వేల కిలోమీటర్ల ఫైబర్ లాగింది. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని ప్రారంభించారు. ఇళ్ళ దాకా సేవ చేర్చే పని అక్కడా స్థానిక కేబుల్ ఆపరేటర్లదే.

నిడదవోలు హౌరా, చెన్నై ప్రధాన రైలు మార్గం మీద ఉన్న జంక్షన్. భీమవరం, నరసాపురం వైపు లైను ఇక్కడే చీలుతుంది. రైలు పట్టాల పక్కన ఫైబర్ వేసి అద్దెకిచ్చే రైల్‌టెల్ లాంటి సంస్థలకూ, రోడ్ల వెంట ఫైబర్ ఉన్న పెద్ద కంపెనీలకూ ఇది సహజమైన మజిలీ. కాబట్టి ఇలాంటి ఊరి ఆపరేటర్ ఇద్దరు అప్‌స్ట్రీమ్‌ల (పై స్థాయి కంపెనీల) నుంచి బ్యాండ్‌విడ్త్ తీసుకోవడం ఇవాళ అసాధ్యమేమీ కాదు.

ఒక్కరి దగ్గరే తీసుకుంటే ఒక డిఫాల్ట్ రూటు చాలు, బీజీపీ అవసరం దాదాపు ఉండదు. ఇద్దరి దగ్గర తీసుకుని, ఒకరు పడిపోయినా రెండోవారి మీద తన అడ్రసులు పనిచేయాలంటే మాత్రం సొంత ఏఎస్ నెంబరు, సొంత అడ్రసులు కావాలి. ఇండియాలో వాటిని ఇచ్చేది ఐఆర్‌ఐఎన్‌ఎన్. ఆసియా పసిఫిక్ రిజిస్ట్రీ దగ్గర అడ్రసులు 2011 ఏప్రిల్‌లో అడుగంటాయి. ఆ తర్వాత కొత్తవారికి గరిష్ఠంగా /22, అంటే 1024 అడ్రసులే దక్కాయి. 2019 నుంచి అదీ /23కి, 512కి తగ్గింది. ఈ చివరి వాటాలు పంచింది 103తో మొదలయ్యే బ్లాకు నుంచి, అందుకే ఆ అడ్రసులు చిన్న ఆపరేటర్ల దగ్గర ఎక్కువగా కనిపిస్తాయి. ఐపీవీ4లో /24 కంటే చిన్న ముక్కను ప్రపంచం సాధారణంగా ఒప్పుకోదు. కాబట్టి /23 ఉన్న ఆపరేటర్ చేతిలో ఉన్నవి రెండే ముక్కలు. ట్రాఫిక్‌ను పంచుకోవడానికి ఉన్న స్వేచ్ఛ అంతే. కింద చెప్పబోయే కొన్ని చిక్కులు ఈ ఇరుకు నుంచి పుట్టేవే.

సెషన్ లేవనప్పుడు

ఇది అన్నిటికన్నా తేలిక రకం, ఎందుకంటే కారణాలు లెక్కపెట్టదగినన్నే. బీజీపీ టీసీపీ 179 పోర్టు మీద నడుస్తుంది. ఐడిల్, కనెక్ట్, యాక్టివ్, ఓపెన్‌సెంట్, ఓపెన్‌కన్‌ఫర్మ్ అనే దశలు దాటి ఎస్టాబ్లిష్డ్‌కు చేరుతుంది. కొత్తవారిని తికమక పెట్టేది యాక్టివ్. పేరు చూసి పని చేస్తోందనుకుంటారు. నిజానికి అది కనెక్షన్ కోసం ఇంకా ప్రయత్నిస్తూనే ఉన్న స్థితి. యాక్టివ్‌లో ఆగిపోయిందంటే అవతలి అడ్రసు తప్పై ఉండాలి, లేదా మధ్యలో ఫైర్‌వాల్ 179ని ఆపుతూ ఉండాలి, లేదా ఎండీ5 పాస్‌వర్డు రెండు చివర్లా ఒకటి కాకపోయి ఉండాలి.

ఓపెన్ సందేశం దాకా వెళ్ళి పడిపోతే రూటరే నోటిఫికేషన్‌లో కారణం చెబుతుంది. ఏఎస్ నెంబరు తప్పుంటే "బ్యాడ్ పీర్ ఏఎస్" అని వస్తుంది. వేరే ఏఎస్‌తో పెట్టే సెషన్ సాధారణంగా నేరుగా కలిసిన లింకు మీదే నడవాలని రూటర్ అనుకుంటుంది, ప్యాకెట్‌కు టీటీఎల్ 1 పెట్టి పంపుతుంది. లూప్‌బ్యాక్ అడ్రసుల మధ్య సెషన్ పెట్టినప్పుడు మల్టీహాప్ చెప్పకపోతే, ఏ అడ్రసు నుంచి మాట్లాడాలో చెప్పకపోతే అది లేవదు.

ఇక్కడ పాటించాల్సిన క్రమం చిన్నదే. ముందు పింగ్, తర్వాత 179 పోర్టు తెరిచి ఉందా, ఆ తర్వాత లాగ్‌లో నోటిఫికేషన్ కోడు. కోడు చదవకుండా కాన్ఫిగరేషన్ మార్చడం మొదలుపెడితే ఒక తప్పు మీద ఇంకో తప్పు పేరుకుంటుంది. సెషన్‌ను కావాలని ఆపేటప్పుడు కారణాన్ని ఒక వాక్యంగా అవతలి రూటర్‌కు పంపే సౌకర్యం 2017 నుంచి ప్రమాణంలో ఉంది. "ఫైబర్ మార్పిడి, రెండు గంటలు" అని ఒక్క మాట పంపితే అవతలి ఇంజనీరుకు అర్ధరాత్రి వెతుకులాట తప్పుతుంది. దీన్ని వాడేవారు మరీ తక్కువ.

లేచి పడే సెషన్

రెండో రకం ఎక్కువ శ్రమ పెడుతుంది. సెషన్ లేస్తుంది, కాసేపు నిలుస్తుంది, హోల్డ్ టైమర్ ముగిసిందంటూ పడిపోతుంది, మళ్ళీ లేస్తుంది. సిస్కో రూటర్లలో హోల్డ్ టైమ్ మామూలుగా 180 సెకన్లు, జూనిపర్‌లో 90. రెండు వైపులా వేర్వేరుగా ఉంటే తక్కువదే చెల్లుతుంది. ఆ వ్యవధిలో అవతలి నుంచి ఏ కబురూ రాకపోతే సెషన్ చచ్చిందని రూటర్ తేల్చేస్తుంది.

సరిగ్గా హోల్డ్ టైమ్ లెక్కన పడుతూ లేస్తూ ఉంటే మొదటి అనుమానం ఎంటీయూ (లింకు మోయగల గరిష్ఠ ప్యాకెట్ సైజు) మీద పడాలి. హైదరాబాద్ నుంచి లేదా చెన్నై నుంచి పట్నం దాకా వచ్చే లింకు తరచుగా ఒకే కంపెనీది కాదు. ఒకరి వీలాన్ ఇంకొకరి సర్క్యూట్ మీద, అది మరొకరి ఎంపీఎల్‌ఎస్ మీద ప్రయాణిస్తుంది. ప్రతి పొరా కొన్ని బైట్లు తినేస్తుంది. కీప్అలైవ్ సందేశం 19 బైట్లే, అది సాఫీగా పోతుంది. రూట్లు మోసే అప్‌డేట్ సందేశం 4096 బైట్ల దాకా ఉంటుంది. దాన్ని టీసీపీ పెద్ద ప్యాకెట్లుగా పంపుతుంది, అవి మధ్యలో ఎక్కడో రాలిపోతాయి. టీసీపీ వరుస తప్పనివ్వదు గనుక ఇరుక్కుపోయిన అప్‌డేట్ వెనుక కీప్అలైవ్‌లూ ఆగిపోతాయి. హోల్డ్ టైమ్ ముగుస్తుంది. ముక్కలు చేయవద్దని గుర్తు పెట్టి 1472 బైట్ల పింగ్ పంపితే ఈ సంగతి నిమిషంలో తేలుతుంది. అది వెళ్ళకుండా, 1400 వెళితే కారణం దొరికినట్టే.

మధ్య సర్క్యూట్ తెగినా మన ఇంటర్‌ఫేస్ లైటు వెలుగుతూనే ఉండడం ఇలాంటి లింకుల్లో మరో ఇబ్బంది. మూడు నిమిషాల పాటు రూటర్‌కు ఏమీ తెలియదు, ట్రాఫిక్ అంతా శూన్యంలోకి పోతూ ఉంటుంది. బీఎఫ్‌డీ అనే పద్ధతి సెకను లోపే సంగతి చెప్పేస్తుంది. ఇక్కడ ఇంజనీర్లలో రెండు అభిప్రాయాలున్నాయి. వీలైనంత వేగంగా పసిగట్టాలని కొందరంటారు. వేగం ఎక్కువైతే చిన్న కుదుపుకే సెషన్ పడిపోయి మేలు కన్నా కీడు ఎక్కువని ఇంకొందరంటారు. స్తంభాల మీద గాలికి ఊగే ఫైబర్, తుపానుల కాలం ఉన్న మన తీరప్రాంతంలో రెండో మాటకే నా మొగ్గు. 300 మిల్లీ సెకన్లకు ఒకసారి చొప్పున మూడుసార్లు చూసి పడేసే బదులు, ఒక్కో సెకను చొప్పున మూడుసార్లు చూడడం గ్రామీణ లింకుకు నప్పుతుంది.

పదే పదే పడి లేచే రూటును కొంతకాలం పక్కన పెట్టే డ్యాంపింగ్ పద్ధతి 1998లో వచ్చింది. పాత లెక్కల ప్రకారం రెండు మూడు కుదుపులకే గంట దాకా శిక్ష పడేది. లింకు బాగయ్యాక కూడా దూరపు సైట్లు కొన్ని రాకపోవడానికి ఇదొక కారణం. 2006లో యూరప్ ఆపరేటర్లు దీన్ని వాడవద్దన్నారు. 2014 నాటి ఆర్‌ఎఫ్‌సీ 7196 శిక్ష హద్దును బాగా పెంచి, నిజంగా అల్లరి చేసే రూట్లకే పరిమితం చేయమంది. డ్యాంపింగ్ మీద వాదం దాదాపు అక్కడితో తీరింది.

సెషన్ ఉంది, రూట్లు లేవు

అసలు విషయం ఇక్కడ మొదలవుతుంది. సమ్మరీలో పొరుగువారి ఎదురుగా అంకె కనబడగానే చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. ఆ అంకె సున్నా కావచ్చు. సున్నా కాకపోయినా తప్పుడు రూట్ల లెక్క కావచ్చు.

మన అడ్రసులు బయటికి పోకపోవడానికి తరచుగా కనబడే కారణం, ప్రకటించదలచిన బ్లాకు రూటింగ్ టేబుల్‌లో అచ్చం అదే పొడవుతో లేకపోవడం. /23 ప్రకటించమని రాసి, లోపల కస్టమర్లకు చిన్న ముక్కలే పంచి ఉంటే ఆ /23 ఎక్కడా లేనట్టే లెక్క. నల్ రూటు ఒకటి పెడితే సమస్య తీరుతుంది. లోపలి రూటర్ల మధ్య అయితే నెక్స్ట్ హాప్ చేరలేకపోవడం ప్రధాన కారణం. బయటి నుంచి వచ్చిన రూటు లోపలి రూటర్‌కు అందుతుంది గానీ, దాని నెక్స్ట్ హాప్ అప్‌స్ట్రీమ్ లింకు అడ్రసు, ఆ అడ్రసు లోపలి రూటర్‌కు తెలియదు. రూటు కనబడుతుంది, ఎంపిక కాదు.

మన పట్నాలకు ప్రత్యేకంగా వర్తించేది ఇంకొకటి ఉంది. ఒకే ఏఎస్ నెంబరుతో రాజమహేంద్రవరంలో ఒక చోటా, గోదావరికి ఇవతల నిడదవోలులో ఇంకో చోటా రూటర్లు పెట్టి, రెండింటి మధ్య సొంత లింకు లేకుండా వేర్వేరు అప్‌స్ట్రీమ్‌లు తీసుకున్నారనుకుందాం. రెండు చోట్ల నుంచీ ప్రపంచం మొత్తం కనబడుతుంది, ఒకదానికొకటి మాత్రం కనబడవు. దారిలో తన ఏఎస్ నెంబరే ఉంటే చక్రం తిరిగొచ్చిందనుకుని రూటర్ ఆ రూటును పారేస్తుంది. ఇది లోపం కాదు, ప్రోటోకాల్‌కు ఉన్న రక్షణ. డిఫాల్ట్ రూటు తీసుకోవడం లేదా సొంత ఏఎస్‌ను పరిమితంగా అనుమతించడం దీనికి విరుగుడు.

సాఫ్ట్‌వేర్ మార్పులు కూడా రూట్లను మాయం చేస్తాయి. పాలసీ రాయనిదే పొరుగువారికి ఏ రూటూ ఇవ్వకూడదు, తీసుకోకూడదు అని 2017లో ఆర్‌ఎఫ్‌సీ 8212 చెప్పింది. ఎఫ్‌ఆర్‌ఆర్ అనే ఉచిత రూటింగ్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్లు దాన్ని పాటిస్తాయి. పాతదాన్ని అప్‌గ్రేడ్ చేసిన రాత్రి సెషన్లన్నీ నిలబడి, రూట్లు సున్నాకు పడిపోతే భయపడనక్కరలేదు, పాలసీ రాస్తే చాలు. చిన్న ఆపరేటర్లు మెచ్చే మైక్రోటిక్‌లో ఆరో వెర్షన్ నుంచి ఏడుకు మారినప్పుడు ఫిల్టర్ల భాషే మారిపోయింది. పాత ఫిల్టర్లను కొత్త రూపంలో ఒక్కొక్కటిగా సరిచూడకుండా మార్పిడి చేయరాదు.

టేబుల్ పరిమాణం కూడా మరవకూడదు. 2014 ఆగస్టు 12న ప్రపంచ ఐపీవీ4 టేబుల్ 5 లక్షల 12 వేల రూట్లు దాటింది. ఆ హద్దుతో ఉన్న పాత రూటర్లు పలుచోట్ల తడబడ్డాయి. ఇప్పుడు ఆ టేబుల్ పది లక్షల దరిదాపుల్లో ఉంది. చిన్న రూటర్‌లో మొత్తం టేబుల్ పోసి, లేచిన సెషన్ స్థిమితపడక అవస్థపడే బదులు, డిఫాల్ట్ రూటుతో పాటు అప్‌స్ట్రీమ్ సొంత రూట్లను మాత్రం తీసుకోవడం చాలా పట్నాలకు చాలు.

పోయే దారి మనది, వచ్చే దారి వాళ్ళది

ఇంటర్నెట్ ఆపరేటర్‌కు బరువంతా వచ్చే ట్రాఫిక్‌దే. జనం చూసేది వీడియోలు, పంపేది కొద్ది. పోయే ట్రాఫిక్‌ను లోకల్ ప్రిఫరెన్స్ అనే అంకెతో మన ఇష్టం వచ్చినట్టు నడపవచ్చు. వచ్చేదాన్ని నడిపేది మాత్రం అవతలి నెట్‌వర్కుల నిర్ణయం.

రెండో లింకు మీద బరువు తగ్గించాలని మన ఏఎస్ నెంబరును దారిలో రెండు మూడుసార్లు ఎక్కువ రాస్తాం. దీన్నే ప్రిపెండింగ్ అంటారు. "ఎన్నిసార్లు రాసినా ట్రాఫిక్ కదలట్లేదు" అన్న ఫిర్యాదు సర్వసాధారణం. కారణం ఆ అప్‌స్ట్రీమ్ లోపల ఉంది. కస్టమర్ చెప్పిన రూటు డబ్బు తెచ్చే రూటు. అందుకే పెద్ద కంపెనీలు దానికి లోకల్ ప్రిఫరెన్స్ ఎక్కువ ఇస్తాయి. రూటర్ ఎంపికలో ఆ అంకెను చూశాకే దారి పొడవు లెక్కకు వస్తుంది. ఇలాంటప్పుడు అప్‌స్ట్రీమ్ ప్రచురించిన కమ్యూనిటీలు (రూటుకు జతచేసే సంకేత అంకెలు) అడిగి తీసుకుని, వాళ్ళ లోపలి ప్రిఫరెన్స్‌ను వాళ్ళ చేతే తగ్గించాలి.

ప్రిపెండింగ్‌ను అతిగా వాడితే ఏమవుతుందో 2009 ఫిబ్రవరి 16న ప్రపంచం చూసింది. చెక్ దేశంలోని ఒక చిన్న నెట్‌వర్కు మైక్రోటిక్ రూటర్‌లో, ఎన్నిసార్లు రాయాలో అడిగిన చోట తమ ఏఎస్ నెంబరు 47868ను రాశారు. ఆ గడిలో 255 దాటి పట్టదు గనుక 256తో భాగిస్తే మిగిలే 252ను రూటర్ తీసుకుంది. అంత పొడవైన దారి చూసి ప్రపంచమంతటా కొన్ని పాత సిస్కో రూటర్ల సెషన్లు తెగిపోయాయి. ఒక చిన్న ఊరి కాన్ఫిగరేషన్ ప్రపంచ టేబుల్‌ను తాకుతుందనడానికి ఇంతకన్నా రుజువు అక్కరలేదు.

ట్రేస్‌రూట్ చూపేది పోయే దారిని మాత్రమే. "బ్యాంకు సైటు ఒక్కటే రావట్లేదు" అన్న ఫిర్యాదుకు జవాబు చాలాసార్లు తిరుగు దారిలో ఉంటుంది. దాన్ని చూడాలంటే బయటి నుంచి మన వైపు చూడాలి. అప్‌స్ట్రీమ్‌ల లుకింగ్ గ్లాస్‌లు, ఓరెగాన్ విశ్వవిద్యాలయం నడిపే రూట్‌వ్యూస్, యూరప్ రిజిస్ట్రీ రైప్ ఎన్‌సీసీ నడిపే రిస్, 2010 నుంచి ఉన్న రైప్ అట్లాస్ అన్నీ ఉచితమే. మన /24 అక్కడ కనబడుతోందా, ఎవరి మీదుగా కనబడుతోంది అన్నది రెండు నిమిషాల పని. ఒక లింకులో పోయి రెండో లింకులో తిరిగొచ్చే ప్యాకెట్లను కఠినమైన సోర్స్ తనిఖీ పారేస్తుంది. రెండు అప్‌స్ట్రీమ్‌లు ఉన్న చోట ఆ తనిఖీని సడలించి పెట్టాలి.

పీరింగ్, క్యాష్‌ల దగ్గర

నిక్సీ లాంటి ఎక్స్ఛేంజ్‌లో రూట్ సర్వర్ ద్వారా ఒక్క సెషన్‌తో వందల నెట్‌వర్కుల రూట్లు తీసుకోవచ్చు. రూట్ సర్వర్ తన ఏఎస్ నెంబరును దారిలో చేర్చదు. దారిలో మొదటి నెంబరు పొరుగువాడిదే కావాలన్న తనిఖీ మన రూటర్‌లో ఉంటే రూట్లన్నీ తిరస్కారానికి గురవుతాయి. ఆ ఒక్క సెషన్‌కు తనిఖీ ఆపితే సరి.

గూగుల్, మెటా, నెట్‌ఫ్లిక్స్ లాంటి సంస్థలు ఆపరేటర్ల దగ్గర పెట్టే క్యాష్ సర్వర్లకు ఏ అడ్రసులకు సేవ చేయాలో బీజీపీయే చెబుతుంది. కొత్తగా తీసుకున్న /24ను ఆ క్యాష్ సెషన్‌లో చేర్చడం మరిచిపోతే, ఆ అడ్రసులు వచ్చిన ఇళ్ళకు వీడియో దూరపు ఊరి నుంచి వస్తుంది. వీధిలో సగం మందికి బాగుండి, సగం మందికి బాగుండకపోవడానికి ఇదొక మామూలు కారణం.

పొరుగువాడి తప్పు మన ముంగిట్లో

పైన చెప్పినవి ఎక్కువగా మన చేతిలోని లోపాలు. పెద్ద దెబ్బలు మాత్రం నమ్మకం దగ్గర తగిలాయి. 2008 ఫిబ్రవరి 24న పాకిస్తాన్ టెలికాం తమ దేశంలో యూట్యూబ్‌ను ఆపాలని 208.65.153.0/24ను లోపల ప్రకటించుకుంది. అది హాంకాంగ్‌కు చెందిన అప్‌స్ట్రీమ్ పీసీసీడబ్ల్యూ ద్వారా ప్రపంచానికి పాకింది. యూట్యూబ్ అప్పుడు /22నే ప్రకటిస్తోంది. చిన్న ముక్కకే ప్రాధాన్యం గనుక ప్రపంచ ట్రాఫిక్ పాకిస్తాన్ వైపు మళ్ళింది.

మన దేశంలోనే మూడు ఘటనలు పాఠ్యాంశాలుగా చదవదగినవి. 2015 మార్చి 12 మధ్యాహ్నం, భారత కాలమానంలో రెండున్నర ప్రాంతంలో, హాత్‌వే నెట్‌వర్కు తనకు గూగుల్ నుంచి అందిన మూడు వందలకు పైగా రూట్లను తన అప్‌స్ట్రీమ్ ఎయిర్‌టెల్‌కు చెప్పింది. ఎయిర్‌టెల్ వాటిని ప్రపంచానికి చెప్పింది. పలు దేశాల్లో గూగుల్ సేవలు అందలేదు. అదే ఏడాది నవంబరు 6న ఎయిర్‌టెల్ ఏఎస్ 9498 నుంచి 16 వేలకు పైగా ఇతరుల ప్రిఫిక్స్‌లు (అడ్రసు బ్లాకులు) తనవిగా వెలువడ్డాయి. 2021 ఏప్రిల్ 16న వొడాఫోన్ ఐడియా ఏఎస్ 55410 ముప్పై వేలకు పైగా ప్రిఫిక్స్‌లను తనవిగా ప్రకటించింది.

వీటిలో మొదటిది లీక్, అంటే విన్న రూట్లను చెప్పకూడని చోట చెప్పడం. విజ్జేశ్వరం నుంచి వచ్చే ఏలూరు కాలువ నీటినంతా ఒక పంటబోదెలోకి మళ్ళిస్తే గట్లు తెగినట్టు, మధ్య నెట్‌వర్కు మోయలేనంత ట్రాఫిక్ దాని మీదికి వస్తుంది. మిగిలిన రెండూ వేరే జాతివి. అక్కడ రూట్ల యజమాని పేరే మారిపోయింది.

ఈ తేడా చికిత్సలో ముఖ్యం. ఏ ప్రిఫిక్స్‌ను ఏ ఏఎస్ ప్రకటించవచ్చో సంతకంతో చెప్పే ఆర్‌పీకేఐ పద్ధతి 2021 లాంటి ఘటనను ఆపగలదు, ఎందుకంటే అక్కడ యజమాని నెంబరు తప్పు. 2015 మార్చి ఘటనను అది ఆపలేదు. దారి చివర ఉన్నది గూగుల్ నెంబరే, యజమాని సరైనవాడే, దారే తప్పు. దాన్ని అప్‌స్ట్రీమ్ పెట్టే కస్టమర్ ఫిల్టర్ ఆపగలిగేది. ఈ కస్టమర్ ఏ ప్రిఫిక్స్‌లు చెప్పాలో జాబితా, మొత్తం ఎన్ని చెప్పవచ్చో హద్దు, ఈ రెండూ ఉంటే చాలేది. ఆర్‌పీకేఐ వచ్చేసింది గనుక ఫిల్టర్లు అక్కరలేదన్న మాట అక్కడక్కడా వినబడుతోంది. అది తప్పు.

ఆర్‌పీకేఐ అవసరం మాత్రం రోజురోజుకూ పెరుగుతోంది. 2024 మే నాటికి ప్రపంచ ఐపీవీ4 రూట్లలో సగానికి పైగా ఆ సంతకం కిందికి వచ్చాయి. సంతకంలో గరిష్ఠ పొడవు దగ్గర జాగ్రత్త కావాలి. /23కే అనుమతి రాసుకుని, ఆపద వేళ /24లుగా విడగొట్టి ప్రకటిస్తే, ఆ /24లను ఈ సంతకాలు సరిచూసే నెట్‌వర్కులు చెల్లనివని పారేస్తాయి. రెండు అప్‌స్ట్రీమ్‌ల మధ్య పంచే ఆలోచన ఉన్నవారు ప్రకటించబోయే /24లకు ముందే సంతకాలు చేసుకోవాలి.

లీక్‌ల మీద పరిశోధన ఆగలేదు. 2022లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9234 సెషన్ మొదట్లోనే కస్టమర్, ప్రొవైడర్, పీర్ అన్న సంబంధం చెప్పుకోమంటుంది. ప్రతి మజిలీ సంతకం చేసే బీజీపీసెక్ 2017 నుంచి కాగితం మీద ఉన్నా వాడుకలోకి రాలేదు, రూటర్ల మీద బరువు ఎక్కువ. ప్రొవైడర్ల జాబితాను సంతకంతో ప్రకటించే ఆస్పా మీద పని సాగుతోంది. నా అంచనాలో చిన్న ఆపరేటర్లకు మేలు చేయబోయేవి 9234, ఆస్పాలే.

ఇక చేయవలసింది

నిడదవోలు లాంటి పట్నంలో ఇవాళే చేయగలిగిన పనులు ఖరీదైనవి కావు. బయటికి మన ప్రిఫిక్స్‌లు తప్ప ఇంకేదీ పోకుండా ఫిల్టర్ పెట్టాలి. ఇది మర్యాద కాదు, బాధ్యత. ఒక అప్‌స్ట్రీమ్ నుంచో పీర్ నుంచో విన్నది ఇంకో అప్‌స్ట్రీమ్‌కు చెప్పడమే చాలా లీక్‌లకు మూలం, ఒక్క వాక్యం ఫిల్టర్ దాన్ని ఆపుతుంది. అప్‌స్ట్రీమ్‌ను కూడా అడగాలి: "మా మీద ఫిల్టర్ పెట్టారా? ఎన్ని ప్రిఫిక్స్‌ల హద్దు పెట్టారు?" పెట్టలేదంటే, పెట్టమని పట్టుబట్టాలి. అది మన రక్షణ కోసమే.

రూటర్ల గడియారాలు సరిగా ఉండాలి. ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్ ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఎన్‌ఐసీ లేదా ఎన్‌పీఎల్ సర్వర్లతో సమయం సరిచూసుకోవాలి, లాగ్‌లు 180 రోజులు ఉంచాలి. చట్టం కోసమే కాదు, అప్‌స్ట్రీమ్‌తో మాట్లాడేటప్పుడు వాళ్ళ లాగ్ యూటీసీలో, మనది భారత కాలమానంలో ఉంటే ఐదున్నర గంటల తేడా మరిచి వేర్వేరు ఘటనలను ఒకటిగా చూసే ప్రమాదం ఉంది. టికెట్‌లో "నెట్ స్లో" అని రాయకుండా, ఏ అడ్రసు నుంచి ఏ అడ్రసుకు, ఏ సమయంలో, రెండు వైపులా ట్రేస్‌రూట్‌లు, లుకింగ్ గ్లాస్‌లో కనబడిన దారి రాయాలి. అలాంటి టికెట్ మొదటి వరుస ఉద్యోగి దగ్గర ఆగదు, రూటింగ్ తెలిసిన మనిషి దాకా వెళుతుంది. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ తన రూట్లను తానే ఉపసంహరించుకుని ఆరు గంటల పాటు మాయమైనప్పుడు, ఇంజనీర్లకు తమ రూటర్లను చేరే దారే లేకపోయింది. మన రూటర్ దగ్గర కూడా వేరే కంపెనీ 4జీ సిమ్‌తో ఒక పక్కదారి ఉంచుకోవడం ఎంత చిన్న ఆపరేటర్‌కైనా సాధ్యమే.

చివరి మాట చదువు గురించి. నిడదవోలుకు దగ్గర్లోనే తాడేపల్లిగూడెంలో 2015లో వచ్చిన నిట్ ఉంది. భీమవరం, రాజమహేంద్రవరం చుట్టూ ఇంజనీరింగ్ కాలేజీలు ఎన్నో ఉన్నాయి. ఎఫ్‌ఆర్‌ఆర్, బర్డ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లతో ఒక మామూలు ల్యాప్‌టాప్ మీద పది ఏఎస్‌లతో చిన్న ఇంటర్నెట్‌నే కట్టవచ్చు. అందులో లీక్ చేసి చూడవచ్చు, ఎంటీయూ తగ్గించి సెషన్ పడిపోవడం చూడవచ్చు, తిరుగు దారి తప్పించి వెతకడం నేర్చుకోవచ్చు. కాలేజీలు ఈ లాబ్‌లను కట్టాలి, ఊరి ఆపరేటర్లు తమకు ఎదురైన లోపాలను వాళ్ళకు ఇవ్వాలి, ఇద్దరూ కలిసి తెలుగులో రాసి పెట్టాలి. ఈ విద్య ఇప్పటిదాకా ఇంగ్లీషు మాన్యువళ్ళలో, ఫోన్‌లో దొరికే ఒక సీనియర్ జ్ఞాపకంలో ఉండిపోయింది. రాత్రి పది గంటలకు ఒంటరిగా రూటర్ ముందు కూర్చున్న ఆపరేటర్‌కు ఏ క్రమంలో చూడాలో, అవతలివాళ్ళను ఏం అడగాలో తన భాషలో తెలిసి ఉండాలి. సెషన్ నిలబడిందా అన్న ప్రశ్న దగ్గర ఆగకుండా, ఏం చెబుతున్నాం, ఏం వింటున్నాం, మనల్ని ప్రపంచం ఎలా చూస్తోంది అన్న మూడు ప్రశ్నలూ వేయడం అలవాటైతే, పైన లెక్కించిన చిక్కుల్లో ఎక్కువ భాగం పెద్దవి కాకముందే దొరికిపోతాయి.